నల్లముళ్ల దారి గేటు

పొద్దు గుంకాక నల్లముళ్ల దారిలో ఎవరూ నడవరు. ఎంత అలసిపోయి కొండ దిగి వచ్చినవాళ్లైనా సరే, చుట్టు తిరిగి తారురోడ్డు మీదుగానే ఇల్లు చేరతారు.

ఆ దారి నేలలోకి కుంగిపోయి ఉంటుంది. రెండు పక్కలా గట్లు మనిషికంటే ఎత్తు. గట్ల మీది ముళ్లచెట్లు పైన ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఆకాశాన్ని కప్పేస్తాయి. ఒకప్పుడు కొండమీది ఇళ్లనుంచి శవపేటికల్ని ఈ దారినే చర్చికి మోసుకొచ్చేవాళ్లట. మా అత్తగారు చెప్పేవారు.

అదంతా పాత భయం. కొత్తది కిందటేడు మొదలైంది.

దారి పైకొసన ఒక గేటు ఉంది. గేటవతల మా గొర్రెల పొలం. నవంబరులో ఒక సాయంత్రం, పబ్బు నడిపే నోరీన్ కుక్కని తీసుకుని ఆ దారిలో వస్తోంది. బాగా చీకటి పడింది. పైన గేటు తెరుచుకుంది. ఐవర్ ట్రాంటర్ ఒక్కడే దిగి వచ్చాడు. గేటు మూయలేదు. నాలుగడుగులు వేసి, గేటువైపు వీపు పెట్టి అలాగే నిలబడిపోయాడు.

నోరీన్ పలకరిద్దామనుకుంది... అంతలో అతని వెనక గేటు కదిలింది. మెల్లగా — చాలా మెల్లగా — మూసుకుంది. గొళ్లెం టక్కుమని పడింది.

ఐవర్ వెనక్కి తిరగలేదు. "పద," అన్నాడు, పక్కన మనిషి ఉన్నట్టు. నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు.

మర్నాటికల్లా ఊరంతా ఒకటే మాట — గ్వెండా తిరుగుతోంది.

గ్వెండా ఐవర్ భార్య. మా ఊరి చుట్టూ ఉన్న కాలిబాటల్ని చూసుకునేది వాళ్లిద్దరే. ఐవర్ చేతికత్తితో ముళ్లు నరుకుతూ ముందు నడిచేవాడు. స్తంభాల మీద పసుపు బాణం గుర్తులు వెలిసిపోతే మళ్లీ వేసేవాడు. గ్వెండా వెనక. దారిలో కనపడ్డ ప్రతివాళ్లతోనూ కబుర్లు చెబుతూ, ప్రతి గేటూ మూస్తూ వచ్చేది. ఐవర్ ఎక్కడా గేటు మూసి ఎరగడు.

"మా ఆయన తీస్తాడు, నేను మూస్తాను. కాపురం అంటే అంతే కదా," అనేది నాతో.

కిందటి మార్చిలో, గొర్రెలు ఈనే రోజుల్లో, ఇద్దరూ కొండ మీంచి దిగి మా పొలం దాటుతున్నారు. ఐవర్ గేటు తీసి దారిలోకి దిగాడు. ఏదో చెబుతూ నడుస్తున్నాడు. కొంతదూరం పోయాక ఎందుకో ఆగాడు. గొళ్లెం పడిన చప్పుడు వినపడలేదని అప్పుడు తట్టింది.

వెనక్కి పరిగెత్తేసరికి గ్వెండా గేటుకి మా పొలంవైపు గడ్డిలో పడి ఉంది. గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత ఐవర్ వేసవంతా ఇల్లు కదల్లేదు. ఆకులు రాలే రోజుల్లో మళ్లీ నడక మొదలుపెట్టాడు — ఒంటరిగా, రోజూ చీకటిపడే వేళకి ఆ గేటు దాటేలా. అప్పుడే నోరీన్ ఆ చప్పుడు విన్నది.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. అయినా ఆ పొలం మాది. సాయంత్రమైతే వంటింటి కిటికీ పరదా లాగేసుకునేదాన్ని.

మా ఆయన డెరిక్ మాత్రం రోజూ ఆ వేళకి బయటికే పోయేవాడు. "గొర్రెల్ని చూసొస్తా," అనేవాడు. మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చి, మాటా పలుకూ లేకుండా అన్నానికి కూర్చునేవాడు.

జనవరిలో డెరిక్‌కి జ్వరం తగిలింది. మంచం మీంచి లేవలేని జ్వరం. ఆ రోజు వెలుగు తగ్గుతున్నకొద్దీ మంచంలో అటూ ఇటూ దొర్లడం మొదలుపెట్టాడు. ఒకసారి లేచి బూట్లకోసం వెతికాడు. గోడ పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాను.

"జాయిస్... నువ్వోసారి పైగేటుకి వెళ్లాలి."

"ఇప్పుడా? ఈ చీకట్లోనా?"

"ఐవర్ వస్తాడు. గేటు తీసి వదిలేస్తాడు. నువ్వు వెనకనుంచి మూసెయ్యి. అతనికి కనపడకు. మాట్లాడకు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"శరదృతువులో ఓ రాత్రి గొర్రెలు రోడ్డెక్కాయి, గుర్తుందా? గేటు తీసి పెట్టింది ఆ ముసలాడే. మర్నాడు తిడదామనే వెళ్లాను. కంచె పక్కన నిలబడ్డాను. వచ్చాడు... గేటు తీసి అటు పోయి, 'నిదానంగా రా గ్వెన్, బురదగా ఉంది,' అన్నాడు. అలాగే ఎదురుచూస్తున్నాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. చప్పుడు కాకుండా వెళ్లి గొళ్లెం పెట్టి, కంచె వెనక్కి నక్కాను. అప్పుడు పెద్దగా ఊపిరి వదిలాడు జాయిస్. అప్పుడుగానీ కదల్లేదు."

"అప్పట్నుంచి రోజూ వెళ్తున్నావా?"

"మరి ఆ చప్పుడు వినపడకపోతే అతను రాత్రంతా అక్కడే నిలబడతాడేమో."

కోటు తొడుక్కుని బయల్దేరాను. టార్చి తీసుకున్నానుగానీ వెలిగించలేదు. మంచు పడి గడ్డి కాలికింద కరకరమంటోంది. గొర్రెలు ఒకచోట ముద్దగా చేరి ఉన్నాయి. కంచె పక్కన ఒదిగి నిలబడ్డాను. చీకట్లో ఏ కొమ్మ కదిలినా ఒళ్లు జలదరిస్తోంది. దెయ్యం లేదని ఇందాకే విన్నాను. అయినా భయం పోలేదు... గ్వెండా పడిపోయిన చోటు నా కాళ్లకి దగ్గర్లోనే ఉంది.

అడుగుల చప్పుడు.

ఐవర్ నన్ను దాటుకుంటూ వెళ్లాడు. గేటు తీశాడు. దారిలోకి దిగాడు. ఆగాడు.

కంచెచాటునుంచి బయటికొచ్చాను. గేటు పట్టుకున్నాను. కర్ర చల్లగా, తడిగా ఉంది. కిందికొస నేలకి రాసుకుంటోంది. లాగి లాగి మూశాను. గొళ్లెం పెట్టాను.

టక్.

ఐవర్ కదల్లేదు. చాలాసేపు అలాగే...

తర్వాత వెనక్కి తిరక్కుండానే, గొంతు తగ్గించి అడిగాడు —

"డెరిక్‌కి ఒంట్లో బాలేదా?"

నేను గొళ్లెం మీంచి చెయ్యి తీశాను.

"అతను గేటుని పైకెత్తి మూస్తాడు. నువ్వు ఈడ్చావు. జాయిస్‌వే కదూ?"

"నేనే," అన్నాను. "జ్వరం... ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"రెండోరోజునుంచి. అతని పైపు పొగాకు వాసన వచ్చింది." అన్నాడు. "మొదటిరోజు మాత్రం తెలీదు. ఆ ఒక్క రాత్రి హాయిగా నిద్రపట్టింది."

గేటుకి అటు అతను, ఇటు నేను.

"తెలిసి కూడా రోజూ ఎందుకొస్తున్నావు ఐవర్? ఈ చలిలో..."

"నేను రాకపోతే డెరిక్ ఏం చేస్తాడు?"

అర్థంకాలేదు నాకు. అప్పుడు ఇటు తిరిగాడు. చీకట్లో మొహం కనపడలేదు, తెల్లటి గడ్డం మాత్రం తెలిసింది.

"ఆ రోజు నేను సాయంకోసం అరుస్తుంటే డెరిక్ పక్కపొలంలోనే ఉన్నాడు. ట్రాక్టరు మీంచి మేత దించుతున్నాడు. ఆ రొదలో ఎవరికి మాత్రం వినపడుతుంది? ఇంజను ఆపాకగానీ పరిగెత్తుకు రాలేదు. అంత్యక్రియలనాడు చర్చిలో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. చెప్పలేక వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నా మొహం చూడడు. నేనెదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఈ ఒక్క వేళే నా దగ్గరికి వస్తున్నాడు. చీకట్లోనైనా వస్తున్నాడు కదా."

నేను గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"అతనికి చెప్పకు," అన్నాడు. "వినపడకపోవడం అతని తప్పు కాదు. కానీ అది నేను నోటితో అంటే మాఫీ చేసినట్టుంటుంది. అతనికి ఇంకా బరువవుతుంది. గేటు మూసుకోనీ."

అడుగుల చప్పుడు దారిలోకి దిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి డెరిక్ కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

"మూశావా?"

"మూశాను."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు."

తడిగుడ్డ మార్చి నుదుటి మీద వేశాను. దీపం తీసేసి పక్కన పడుకున్నాను. నిద్రపోయాడనే అనుకున్నాను. చాలాసేపటికి గోడవైపు తిరిగి, మెల్లగా అన్నాడు —

"ఆ రోజు నాకు వినపడింది జాయిస్."

నేను అతనివైపు తిరిగాను.

"ఇంజను రొదలో కూడా వినపడింది. ఒకసారి కాదు... చాలాసార్లు." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఈనుతున్న గొర్రె అనుకున్నాను."