ప్రమాణకణుపు

వారిజ పొద్దున్నుంచీ పరీక్షపొట్లాలు పంపుతూనే ఉంది. గణనజాలంలో ఒక్కో కణుపుకి, అంటే ఒక్కో చోటి యంత్రానికి, ఒక్కో పొట్లం. అది వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని భీమిలిలోని ప్రమాణకణుపుతో పోల్చాలి. తక్కిన కణుపులన్నీ తమ వేగాన్ని దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. తెరమీద అన్నీ పచ్చగానే ఉన్నాయి, చంద్రుడి మీది కణుపు తప్ప.

ఆ కణుపును చూసుకునేది ఆమె భర్త కృపానందం. సొంత మాటలకు జాలంలో చోటు లేదు. ఏ ఏడాదికో మాట్లాడే వరుస వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పరీక్షపొట్లంలో మాత్రం అర్థంలేని అంకెలు నింపుతారు, వాటిని ఎవరూ తెరిచి చూడరు. అందుకే చంద్రుడికి వెళ్లే పొట్లంలో వారిజ తన గొంతు పెడుతోంది.

"పొద్దున్నుంచీ ముసురే. నీ గళ్లచొక్కా తలుపెనకాలే ఉంది, తియ్యలేదు."

పొట్లం ఉన్నదున్నట్టే తిరిగొస్తుంది. అతడు విన్నాడో లేదో తెలియదు. అది తెలియకే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

పర్యవేక్షకుడు బంగార్రాజు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఇంకా ఎర్రగానే ఉందేటి? దారిలో రద్దీయా?"

"దారి ఖాళీయే సార్. కణుపు దగ్గరే ఆగుతోంది."

"యంత్రం పాతదైపోయుంటాది. సాయంత్రంలోగా బాగవకపోతే జాలంలోంచి తెంపేయమన్నారు పైవాళ్లు."

"మరి ఆయన?"

"తీసుకొచ్చే ఓడ వెళ్లేదాకా అక్కడే ఉంటాడమ్మా. మాటా పలుకూ ఉండదు, అంతే."

అతడు వెళ్లిపోయాడు. వారిజ ఈసారి గొంతు పెట్టలేదు. వట్టి అంకెలతో ఒక పొట్లం పంపింది. టక్కున తిరిగొచ్చింది. గొంతు నింపి పంపితే ఆలస్యం. ఇంకాస్త ఎక్కువ మాట్లాడి పంపింది. ఆలస్యమూ పెరిగింది, ఆ మాటలు వినడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంత.

యంత్రం బాగానే ఉంది. కృపానందమే పొట్లాన్ని ఆపి, చివరిదాకా విని, అప్పుడు వదులుతున్నాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఇకనుంచి అంకెలే పంపితే కణుపు పచ్చబడుతుంది, ఎవరూ తెంపరు. కానీ అంత దూరాన అతడు ఆ అంకెలు వింటూ కూర్చోవాలి. అలా పంపడం తనవల్ల కాదు.

ప్రమాణకణుపును నియమించే అధికారం వారిజలా వేగం కొలిచేవాళ్లదే. ఇంతవరకూ ఎవరూ దాన్ని వాడలేదు. వారిజ భీమిలి పేరు తీసేసి చంద్రుడి కణుపు పేరు పెట్టింది.

చంద్రుడు పచ్చబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటిగా జాలంలోని కణుపులన్నీ నెమ్మదించాయి. అందిన ప్రతి పొట్లాన్నీ కాసేపు పట్టుకుని, అప్పుడు వదులుతున్నాయి.

బంగార్రాజు పరిగెత్తుకొచ్చాడు. "ఏటిది? జాలమంతా ఇలాగైపోయిందేటి?"

"ప్రమాణం మార్చాను సార్," అని వారిజ కొత్త పొట్లం తెరిచి, మైకు దగ్గరకు లాక్కుంది.

"ఇవాళ తొందర లేదు. మొదట్నించీ చెప్తాను, విను."