కంచె అవతలి చెట్టు

గెర్గో మా పక్కింటికి వచ్చిన మొదటి వారమే ఒక చెట్టును నరికేశాడు.

కంచె అవతల ఉండే, పుల్లటి చెర్రీలు కాసే ముసలి చెట్టు అది. రంపం చప్పుడు విని మా మనవరాలు బొరోకా ఇంటి చెప్పులతోనే మంచులోకి పరుగెత్తింది.

"చచ్చిపోయిందనుకున్నానండీ. ఒక్క ఆకైనా లేదు," అన్నాడు గెర్గో.

"డిసెంబరులో ఆకులెక్కడుంటాయి? రేపు మీ నెత్తిన జుట్టు రాలితే మిమ్మల్నీ నరికెయ్యాలా?" అంది బొరోకా.

పాపం, బుడాపెస్ట్‌లో నాలుగో అంతస్తులో పెరిగినవాడు. ఆ రోజు నుంచి అతను నమస్కారం పెడితే బొరోకా మబ్బుల్లోకి చూసేది.

మా పెరట్లోనూ ఒక పుల్లటి చెర్రీ చెట్టుంది. బొరోకా పుట్టిన రోజున నా కొడుకు నాటాడు. వాడు పోయి పదిహేనేళ్లయింది. గెర్గో వచ్చాక మొదటి వసంతంలో చెట్టు విరగబూసింది, ఒక్క కాయ నిలవలేదు. మరుసటి ఏడూ అంతే. ఈ ఇంట్లోంచి మా ఆయన వెళ్లాడు, కొడుకు వెళ్లాడు, ఇప్పుడు చెట్టూ సెలవు తీసుకుంటోందనుకున్నాను. ఉత్త పూలను చూస్తూ కూర్చోలేక, వచ్చే వేసవికీ కాయకపోతే కొట్టించెయ్యమని బొరోకాతో చెప్పాను. అది సరేనంది. ఆ సాయంత్రం చెట్టును ఆనుకుని చాలాసేపు నిలబడింది.

జనవరిలో గెర్గో మా తలుపు తట్టాడు. చేతిలో టోపీ, ముఖంలో నెత్తురు చుక్క లేదు. క్షమాపణగా మాకొక మొక్క కొనిద్దామని నర్సరీకి వెళ్లాడట. మా చెట్టుది ఏ జాతో చెప్పగానే నర్సరీ ఆయన తల పట్టుకున్నాడట. ఆ జాతి తన పుప్పొడితో తాను కాయదు. పక్కన వేరే జాతి చెట్టు పూయాలి, తేనెటీగలు అటూ ఇటూ తిరగాలి.

"మీ చెట్టుకు జబ్బేం లేదు, బామ్మగారూ. నేను నరికిన చెట్టే ఇన్నాళ్లూ దీన్ని కాయించింది."

బొరోకా తిడుతుందనుకున్నాను. అది టీ పెట్టి, అతని కప్పులో రెండు చెంచాల చక్కెర వేసింది.

ఏప్రిల్‌లో మా చెట్టు పూయగానే గెర్గో వాళ్ల మేనత్త పెరట్లోంచి వేరే జాతి చెర్రీ పూల కొమ్మలు తెచ్చాడు. బకెట్లో నీళ్లు పోసి, వాటిని అందులో నిలబెట్టి, బకెట్టును మా చెట్టు కొమ్మకు వేలాడదీశాడు. వెంటనే వాన మొదలైంది. వానలో తేనెటీగలు బయటికి రావు. మూడు రోజులు నేను కిటికీ దగ్గర జపమాల తిప్పుతూనే ఉన్నాను. కొమ్మలు వాడినప్పుడల్లా అతను కొత్తవి తెచ్చి తడుస్తూ నిచ్చెనెక్కేవాడు. బొరోకా కింద నిచ్చెన పట్టుకుని, గొడుగు మాత్రం తన మీదే పట్టుకునేది. మూడో రోజు గొడుగు పైకి, అతని వైపు జరగడం చూశాను.

నాలుగో రోజు ఎండ కాసింది. చెట్టంతా ఝుమ్మంది.

ఆ మధ్యాహ్నమే గెర్గో తన పెరట్లో, నరికిన చెట్టు మొద్దు పక్కన, చిన్న చెర్రీ మొక్క నాటాడు. అది పూయడానికి ఎన్నేళ్లని బొరోకా అడిగింది. నాలుగేళ్లన్నాడు.

"అంతవరకూ ఏటా బకెట్టు మోస్తారా?"

"మోస్తాను. మీరు నిచ్చెన పట్టుకుంటే."

"నాలుగేళ్ల తర్వాత?"

"అప్పుడు కాయలు కొయ్యాలిగా. నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?"

బొరోకా నేలచూపులు చూసింది. తర్వాత నా కిటికీ వైపు చూసింది. నేను గబుక్కున తెర లాగేశాను, కానీ నవ్వు ఆగలేదు.

జూన్ చివర్లో కాయలు ఎర్రబడ్డాయి. పిట్టలు తినగా ఒక గిన్నెడు మిగిలాయి. మీగడ కలిపి చల్లని చెర్రీ సూప్ చేశాను. పెళ్లి మాట గెర్గో అప్పుడే ఎత్తాడు. నాకు మళ్లీ పాత భయమే పట్టుకుంది.

"మా పిల్లను ఎంత దూరం తీసుకెళ్తావు, నాయనా?"

అతను లేచి వెళ్లి కంచెలో రెండు పలకలు ఊడదీసి, అటు నుంచి ఇటు నడిచి వచ్చాడు. "పన్నెండు అడుగులు, బామ్మగారూ."

ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టాను. సూప్ మొదటి గిన్నె మాత్రం వాళ్లకు పెట్టలేదు. ఆ సందులోంచి నేనే అవతలికి వెళ్లి పాత మొద్దు మీద పెట్టాను. ఇన్నేళ్లు దాని పుణ్యమా అని పళ్లు తిన్నాం. ఒక్కరోజూ దానికి థాంక్స్ చెప్పుకోలేదు.