పిచ్చుక పక్కన చోటు

అత్తగారికి మూడేళ్లుగా ఒకటే అనుమానం. తొమ్మిదింటికల్లా మనవరాలిని తీసుకుని బయలుదేరే కోడలు నాలుగింటికి గాని ఇల్లు చేరదు. ల్యాబులో ఉద్యోగం అంటుంది. మరి జీతం ఏమైపోతున్నట్టు? తొడుక్కునేవి అవే పాత చెప్పులు. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నా ఆవిడకు ఈ ఆలోచనే అడ్డం వచ్చేది.

ఆ రోజు పిల్ల చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఇంట్లోనే మిగిలిపోయాయి. అవి లేకపోతే బడిగంట మోతకే బెదిరిపోతుంది. ఎనిమిదేళ్లొచ్చినా మాటలు తక్కువ. సంతోషం వస్తే చేతులు రెక్కల్లా ఆడిస్తుంది. అందుకే ఇంట్లో అందరికీ పిచ్చుక. మోకాళ్లు పట్టుకుంటూనే అత్తగారు బడికి బయలుదేరింది.

తరగతి కిటికీలోంచి తొంగిచూసి నిలువునా కొయ్యబారిపోయింది. చివరి వరుసలో, పిల్లలు కూర్చునే బల్ల మీద ముడుచుకుని కోడలు! పిచ్చుక చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తోంది.

"ల్యాబన్నావు కదే!" కోడలు వరండాలోకి రాగానే అంది అత్తగారు.

"మానేసి మూడేళ్లయింది అత్తయ్యా. ఇంటినుంచి ఎవరైనా పక్కన కూర్చుంటేనే పిల్లను చేర్చుకుంటామన్నారు బడివాళ్లు. మీ అబ్బాయికి తెలుసు. మీరు బెంగపడతారని..."

"బెంగా? నీ జీతం ఎటు పోతోందా అని ఆరాలు తీస్తున్నదాన్ని!"

ఇద్దరూ తిన్నగా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లారు.

"ఇలాంటి పిల్లల పక్కన కూర్చోడానికి సహాయకురాలి పోస్టు ఉందమ్మా, నిధులే రావు," అందావిడ. "పై ఆఫీసు ఇవ్వాలని మేమంటాం. బడే సర్దుకోవాలని వాళ్లంటారు."

"మీరూ మీరూ తేల్చుకునేదాకా పిల్ల గతేంటి?"

"మీ కోడలుందిగా. ఏటా రిపోర్టులో 'సహాయం అందుతోంది' అనే రాస్తున్నాం."

కోడలి మొహం పాలిపోయింది. "నన్ను చూపించా? నేను కూర్చోబట్టే మనిషిని వేయలేదా?"

హెడ్‌మిస్ట్రెస్ ముందున్న ఫైలు మూసింది.

"కాగితం తీయండమ్మా," అంది అత్తగారు. "సహాయం లేదు, కన్నతల్లే కూర్చుంటోందని రాయండి. రాసేదాకా నేను కదలను."

ఆవిడ రాసి, సంతకం పెట్టి, నకలు చేతికిచ్చింది.

బయటికి రాగానే కోడలు బావురుమంది. "పిల్లను బడిలో చేర్చేరోజే మిమ్మల్ని తోడు రమ్మన్నాను అత్తయ్యా. ఒక్కదాన్నే మాట్లాడలేనని."

అత్తగారికి గుర్తొచ్చింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, రేపొస్తాలే అంది. ఆ రేపు మళ్లీ రాలేదు. దేవుడు ఇన్నాళ్లూ తన మొర విన్నాడో, ఆ మాట గుర్తుచేస్తూ కూర్చున్నాడో!

కళ్లు తుడుచుకుని, కోడలితో పాటు తరగతిలోకి నడిచింది.

"రేపొస్తానన్నాగా, వచ్చాను. మనిషిని వేసేదాకా ఇక్కడ నేనుంటా. నువ్వెళ్లి ల్యాబులో అడుగు."

పిల్లకు హెడ్‌ఫోన్లు అందించి బల్ల మీదికి వంగుతుంటే మోకాళ్లు కలుక్కుమన్నాయి. పిచ్చుక అవి పెట్టుకుని, ఒక్క క్షణం నాయనమ్మను చూసి, బల్ల మీద కాస్త పక్కకు జరిగింది.