కుళాయిలో ఆకుపచ్చ నీళ్ళు

"ఈ ఊళ్ళో ఎవరింట్లోనో కుళాయి తిప్పితే ఆకుపచ్చ నీళ్ళొస్తున్నాయి, సిక్స్టెన్. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. నా భయమంతా అదే," అంది మేజర్ హిల్దూర్.

స్వీడన్ సీక్రెట్ సర్వీస్ ఉత్తర విభాగానికి ఆమె చీఫ్. ఏజెంట్ సిక్స్టెన్ మంచు బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, మేజోళ్ళతో నిలబడి వింటున్నాడు.

ఊరంతటినీ వెచ్చబెట్టేది ఒకే ప్లాంటు. సలసల కాగే నీళ్ళు వీధుల కింద పైపుల్లో పరుగెడతాయి. ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. దాని పల్చటి ఉక్కు రేకులు ఆ వేడిని కుళాయి నీళ్ళకిస్తాయి గానీ నీళ్ళని నీళ్ళతో కలవనివ్వవు. రేకుకి చిల్లుపడితే తెలియాలని ప్లాంటు నీళ్ళలో ఆకుపచ్చ రంగు కలుపుతారు.

"ప్లాంటులో నీళ్ళు తగ్గుతున్నాయి. వీధుల్లో ఎక్కడా తడి లేదు. అంటే ఏదో ఎక్స్‌ఛేంజర్‌కి చిల్లు పెట్టి, శత్రుదేశపు ముఠా రిహార్సల్ చేసుకుంది. అసలు దెబ్బ ఈ ఉదయమే, ఏదో భవనం కుళాయి నీళ్ళలో విషం కలుపుతారు. వాళ్ళ విషం రంగుని కూడా మింగేస్తుంది, నీళ్ళు తేటగానే వస్తాయి. ఏ భవనమో యిల్వాకి తెలిసుండాలి. పరుగెత్తు!"

యిల్వా హోటల్ గాయని. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఈ వేసవిలో సిక్స్టెన్‌తో పెళ్ళి. ప్రేమలో పడ్డ ఏజెంటుకి కళ్ళెక్కడ కనిపిస్తాయి చెప్పండి!

మెకానిక్ వేషంలో యిల్వా ఇంటి తలుపు తట్టాడు. "మీ రేడియేటర్ దగ్గుతోందటగా?"

"దగ్గు కాదు, గురక." కోడ్ సరిపోయింది. నవ్వుతూ లోపలికి లాగింది. "బన్నులు వేడిగా ఉన్నాయి. రా, తిందువుగాని!"

తినేముందు జిడ్డు చేతులు కడుక్కోవాలని కుళాయి తిప్పాడు. తెల్లటి బేసిన్ నిండా ఆకుపచ్చ.

"యిల్వా, ఇదేంటి?"

"అదా? పాతిల్లు కదా, పైపుల్లో పాచి. కాసేపు వదిలితే పోతుందిలే. రా, కాఫీ చల్లారిపోతోంది."

అతను కుళాయి కట్టేశాడు. ఈ ఊళ్ళోనే పుట్టానని, ఇక్కడి బళ్ళోనే చదివానని ఎన్ని కబుర్లు చెప్పింది!

"ఈ ఊరి పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పేదే ఇది, యిల్వా. ఆకుపచ్చ కనిపిస్తే ప్లాంటుకి ఫోన్ చెయ్యాలి. ఎక్కడ పుట్టావు నువ్వు?"

కాఫీ పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. "నా ఇంట్లోనే చిల్లు పెట్టారా? నాకొక్క మాటైనా చెప్పలేదు, వెధవలు!"

స్పానర్‌లో దాచిన పిస్టల్ తీశాడు. "పెళ్ళి కూడా అబద్ధమేనా?"

"అదొక్కటే నిజం."

"భవనం ఏది?"

"చెబితే మావాళ్ళు నన్ను బతకనివ్వరు."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను." అతని కళ్ళు నిండిపోయాయి.

ఆమె కాఫీ జగ్గు కింద పెట్టింది. "ప్రసూతి ఆసుపత్రి. పసిపిల్లల స్నానాల వేళకి. ఇప్పుడే."

సిక్స్టెన్ పెన్నులోని ట్రాన్స్‌మిటర్‌లో అరిచాడు. "ప్రసూతి ఆసుపత్రి! బేస్‌మెంట్ వాల్వ్ మూసెయ్యండి! కుళాయి ఎవరూ ముట్టొద్దు!"

పెన్ను మూగబోయింది. ఇద్దరూ దానివంకే చూశారు. చివరికి ఆసుపత్రి నుంచి ఏజెంటు గొంతు వినిపించింది. "మనిషి దొరికాడు, డబ్బాతో సహా. వాల్వ్ మూశాం. నర్సు చేతిలో బిడ్డ, చెయ్యి కుళాయి మీద. దేవుడా!"

యిల్వా కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

వసంతంలో సరిహద్దు వంతెన మీద ఆమెని అటు పంపి, అక్కడ ఖైదులో ఉన్న మన మనిషిని ఇటు తెచ్చుకున్నారు. వద్దని సిక్స్టెన్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. చీఫ్ వినలేదు. "నిజంగా ఇక్కడే పుట్టుంటే ఎంత బాగుండేది," అని యిల్వా నడిచి వెళ్ళిపోయింది. అక్కడ ఆమెని కాల్చేశారన్న వార్త పెళ్ళి అనుకున్న వారంలోనే వచ్చింది.

"అసలు ఎలా పట్టుకున్నావయ్యా?" అనడిగింది హిల్దూర్, మెడల్ అందిస్తూ.

"చేతులు కడుక్కుని తినమని మా అమ్మ నేర్పింది, మేడం. జన్మలో మొదటిసారి ఆవిడ మీద కోపమొస్తోంది."