తేనెటీగల వాటా

పొద్దున్నే టీ కాచుకుంటూ ఎడ్నా వంటింటి కిటికీలోంచి కోడలిని కనిపెట్టి చూస్తోంది. తోటలో తేనెపెట్టెల దగ్గర వంగిన మొయిరా, చేతిలోది ఏదో గబుక్కున జేబులో దాచేసింది. వారం నుంచీ ఇదే తంతు. తప్పు చేయనివాళ్ళకు దాపరికం దేనికి?

లోపలికి రాగానే నిలదీసింది.

"ఏంటమ్మాయ్, ఆ జేబులో?"

"అగ్గిపుల్ల, అత్తయ్యా. మామయ్య పెట్టెలో తేనెటీగల పిల్లపురుగులు కుళ్ళుతున్నాయి. పుల్ల గుచ్చి లాగితే జిగురులా సాగుతోంది. తేనెపెట్టెలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మని రమ్మన్నా."

ఎడ్నాకు భర్త సెత్ గుర్తుగా మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. రోగమని తేలితే తగలబెట్టేస్తారు.

"ఈ వసంతంలో నువ్వు కొనుక్కొచ్చిన పాత పెట్టెలే తెచ్చాయి ఈ పీడని! వద్దంటే విన్నావా?"

"క్రిములు చచ్చేలా వాటిని లోపలంతా మంటతో కాల్చాకే వాడాను."

"ఎవరు చూశారట?"

మొయిరా మొహం ఎర్రబడింది. "ఈ ఇంట్లో నేనేం చేసినా సాక్షి కావాలా?"

మధ్యాహ్నం వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ అన్నీ తెరిచి చూసి పెదవి విరిచింది. "రోగమే. మీవారి పెట్టె కాల్చక తప్పదు. మీ కోడలి పెట్టెలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి."

ఇద్దరూ కూడబలుక్కున్నారేమోనని ఎడ్నాకు అనుమానం. "మరి దీనికొక్కదానికే ఎలా వచ్చింది?"

"బయటి తేనె ఏమైనా పెట్టారా? దుకాణం తేనెలో ఈ రోగం దాగి ఉండొచ్చు. మనకేం కాదు, పిల్లపురుగులకే ప్రాణాంతకం. బయటపడటానికి నెలలు పట్టొచ్చు కూడా."

ఎడ్నా అక్కడే మెట్టు మీద కూలబడింది. నిరుడు సెత్ అంత్యక్రియల రోజు, ఇంట్లో ఎవరైనా పోతే తేనెటీగలకు చెప్పాలన్న ఆనవాయితీ ప్రకారం, ఇంటి తాళంచెవితో ఆ పెట్టెను తట్టి, "మీ యజమాని పోయాడు" అని చెప్పింది. విందులో తేనెటీగలకూ వాటా పెట్టాలి కదా! ఇంటి తేనె వచ్చినవాళ్ళకే సరిపోయింది. దుకాణం సీసా తెప్పించి, సాసరులో కేకు ముక్క మీద ధారగా పోసి వాటి వాకిట్లో పెట్టింది.

"నేనే పెట్టాను... నా చేత్తోనే," అంది ఏడుస్తూ.

మొయిరా పక్కన కూర్చుంది. "ఆ సాసరు కడిగింది నేనే అత్తయ్యా. సీసా కూడా చూశాను."

"తెలిసీ నా మాటలెందుకు పడ్డావే పిచ్చిదానా?"

"మామయ్య పేరు మీద పెట్టిన ముద్ద అది. దాన్ని విషమని ఎలా అనగలను?"

ఎడ్నా కోడలి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం గోతిలో సెత్ పెట్టె మండుతుంటే, ఎడ్నా తాళంచెవి తీసుకుని కోడలి పెట్టెల దగ్గరికి నడిచింది. ఒక్కోదాన్నీ మెల్లగా తట్టింది.

"సెత్ పెట్టె పోయింది. తప్పు నాది. ఇకనుంచి మీ యజమానురాలు మొయిరా."

తాళంచెవిని కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"రేప్పొద్దున నన్నూ లేపు. ఆ అగ్గిపుల్ల పరీక్ష నాకూ నేర్పుదువుగాని."