జూబిలీ పార్కు నైరుతి మూల

మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి పదకొండు సంతకాలు. అందులో రెండు మా ఇంట్లోవే. పార్కు కావాలని సంతకం పెట్టిన ఆ పదకొండు మందినీ విడివిడిగా ఒక ప్రశ్న అడిగాను — రాత్రి తొమ్మిది దాటాక పార్కు నైరుతి మూల పక్క నుంచి నడిచి వెళ్తారా అని. పదకొండు మందీ వెళ్ళం అన్నారు. నూటికి నూరు శాతం.

తెనాలిలో ఆ మూలకి అంతటి చెడ్డపేరు. జూబిలీ పార్కు మొత్తానికి కాదు, ఆ ఒక్క మూలకే. పగలంతా అక్కడ పుల్లయిసు బండి ఉంటుంది, కుర్రాళ్ళు గోడ మీద కూర్చుంటారు. చీకటి పడితే కుక్కలు కూడా రోడ్డుకి అవతలి పక్కనుంచి పోతాయి.

ఎందుకంటే... గోడ వెనకనుంచి ఒక గొంతు వినిపిస్తుంది. మగ గొంతు. బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. ఒకే ఒక్క మాట అంటుంది.

"ఏడు."

అంతే. ఎందుకు ఏడవాలో చెప్పదు. కానీ విన్నవాడు వారం తిరక్కుండా ఏడుస్తాడు. కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన విన్నాడు — మూడోరోజు లారీ బోల్తా. ఒక ఇంటరు కుర్రాడు విన్నాడు — లెక్కల్లో ఫెయిలు. వాడు నా దగ్గర ట్యూషన్‌కి వచ్చేవాడే. గొంతు వినకపోయినా ఫెయిలయ్యేవాడు గానీ, ఆ మాట ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదు.

మనవాళ్ళు ఇరవై ఓవర్ల కప్పు మొదటిసారి గెలిచిన సంవత్సరం అది. కప్పు వచ్చిన మూడు వారాలకే మా ఊళ్ళో స్టేడియం మాట లేచింది. పార్కు తీసేసి కడతారట. దాని ప్లాను జెరాక్సు కోసం గంగానమ్మపేటలో నా షాపుకే వచ్చింది. తీస్తూ తీస్తూ చూశాను. చుట్టూ అరవై నాలుగు కొట్లు, మధ్యలో మిగిలినంత మైదానం. బౌండరీ నలభై రెండు గజాలు. మా సందులో పిల్లలు అంతకంటే దూరం కొడతారు. దీనికోసం తాతల నాడు నాటిన చెట్లన్నీ కొట్టేస్తారు. ఆ రోజే సంతకాల పుస్తకం మొదలుపెట్టాను.

కానీ టౌన్‌హాల్ మీటింగులో కాంట్రాక్టరు లేచి ఏమన్నాడంటే —

"అది పార్కేంటండి, దెయ్యాల కొంప! నాలుగు ఫ్లడ్‌లైట్లు పడితే ఆ దెయ్యం రాత్రికి రాత్రి రేపల్లె ప్యాసింజరు ఎక్కుద్ది."

జనం పడీపడీ నవ్వారు. మర్నాడు ఇద్దరొచ్చి వాళ్ళ సంతకాలు కొట్టేయించుకుపోయారు.

అయినా నెలాఖరు వారానికి రెండువేల ఆరువందల నలభై చేశాను. తీసుకెళ్ళి కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి అన్నారు —

"సంతకాలు బస్తాకెత్తినా ఫైలు కదలదయ్యా. చెట్ల లెక్క తీసుకురా. మూడడుగుల చుట్టుకొలత దాటిన చెట్లు వందకి పైన ఉంటే అది నా చేతుల్లో లేదు, ఫైలు గుంటూరు పోవాలి. వందా, వందలోపూ అయితే..." అని చేత్తో రంపం లాగినట్టు చూపించారు. "బుధవారం మధ్యాహ్నం పన్నెండింటిదాకా టైము."

కాంట్రాక్టరు ఇచ్చిన లెక్కలో నలభై ఒక్క చెట్లున్నాయి. ఆదివారం పొద్దున్నే అతను పార్కుకి తాళం వేయించాడు. పగలు నలుగురు కాపలా. రాత్రికి ఒక్కడు.

ఆ ఒక్కడూ ఒక్క రాత్రే ఉన్నాడు.

పేరు లూకా. సంగం జాగర్లమూడి మనిషి. సోమవారం పొద్దున రేషను కార్డు జెరాక్సుకి నా షాపుకొచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మాకు చీకటంటే భయం లేదండి. రాత్రిళ్ళు పొలాలకి నీళ్ళు కట్టినోళ్ళం. ఆ మూలన పెద్ద నిద్రగన్నేరు ఉంది గదండి, దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా. తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. నిద్రగన్నేరు ఆకులన్నీ ముడుచుకుపోయి... గాలి కూడా లేదండి. అప్పుడు వినపడింది."

"ఏంటి?"

"టక్... టక్... అని. తర్వాత అడుగులు. నిదానంగా... నావైపే వస్తన్నాయి. లైటు లేదండి, ఏమీ లేదు. వచ్చి... ఆ చెట్టు దగ్గరే ఆగింది. చెట్టుని నిమిరిన చప్పుడండి. బెరడు మీద అరచెయ్యి రాస్తే ఎట్టా ఉంటది, అట్టా. నాకూ దానికీ మధ్య ఈ బల్లంత దూరం. అప్పుడంది."

"ఏమని?"

లూకా ఆ మాట పైకి అనలేదు. పెదాలతోనే చూపించాడు.

"మరి నువ్వేం చేశావు?"

"ఏడ్చానండి."

"ఏడ్చావా?"

"ఏడవమంది గదండి! మాట వినకపోతే ఇంకేం చేస్తదో అని... నోరు మూసుకుని లోపల్లోపలే ఏడ్చా. అది వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నా. సెల్లు చూసుకుంటే తొమ్మిదీ నలభై. మళ్ళీ సరిగ్గా పదీ ఒకటికి... టక్... టక్... మళ్ళీ అదే చెట్టు, మళ్ళీ అదే మాట. మళ్ళీ ఏడ్చానండి."

నేను కాలిక్యులేటరు తీశాను. ఇరవై ఒక్క నిమిషాలు. పార్కు లోపల చుట్టూ నడకదారి తొమ్మిదివందల మీటర్లు.

"లూకా, నీ దెయ్యం గంటకి రెండున్నర కిలోమీటర్లు నడుస్తోంది. మా రాఘవమ్మ గారు నాలుగు నడుస్తారు."

రాఘవమ్మ గారు మా వాకర్స్ క్లబ్బు అధ్యక్షురాలు. అరవై నాలుగేళ్ళు, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఈ మాట చెప్పగానే చెప్పుల బదులు బూట్లు తొడుక్కుని వచ్చేశారు.

"దెయ్యం నడకదారి వెంట రౌండ్లు కొడుతోందంటావురా సారథీ? అయితే అది మన క్లబ్బు మెంబరే. సభ్యత్వం కట్టించు."

"అది కాదండీ. అందరూ ఆ మూలనే విన్నారు. మిగతా దారంతా అది ఏమంటోందో ఇంతవరకూ ఎవ్వరూ వినలేదు."

ఆవిడ నవ్వు ఆపేశారు.

మంగళవారం రాత్రి. చెట్లు లెక్కపెట్టడానికి బుధవారంలోపు మిగిలింది ఆ ఒక్క రాత్రే. లూకా మానేశాక రాత్రి కాపలాకి మనిషే దొరకలేదు కాబట్టి పార్కు ఖాళీ. రాఘవమ్మ గారు నా భుజం మీద బూటుకాలేసి గోడెక్కారు. లూకాని బతిమాలి ఆ పాత చోటే కూర్చోబెట్టాం. మేమిద్దరం అక్కడినుంచి ఇరవై అడుగులు లోపలికి, తరవాతి చెట్టు వెనకాల నక్కాం. వేపచెట్టు.

తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. వీధిలైట్లు, ఇళ్ళు, పక్కవీధి సినిమాహాలు — అన్నీ ఒక్కసారే.

టక్... టక్...

రాఘవమ్మ గారి వేళ్ళు నా మోచెయ్యి మీద బిగిశాయి.

అడుగులు మూల దగ్గర ఆగాయి. బెరడు మీద చెయ్యి రాసిన చప్పుడు. తర్వాత ఆ గొంతు — పొట్టలోంచి, నేల అదిరేట్టు —

"ఏడు."

లూకా ఈసారీ నోరు మూసుకుని ఏడ్చే ఉంటాడు. చెప్పినమాట వినే మనిషి.

టక్... టక్... ఇప్పుడు మావైపే. పదిహేనడుగులు... పది... ఐదు. నేను ఊపిరి బిగబట్టాను. మేం నక్కిన వేపచెట్టుకి అవతలి పక్కన ఆగింది. ఒక చెయ్యి బెరడు మీద పాకుతూ వచ్చి... నా చెవి పక్కనే ఆగింది.

"ఎనిమిది."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఏడవమని కాదు! అంకె! ఊరు ఊరంతా నాలుగేళ్ళుగా ఏడుస్తున్నది ఆరు తర్వాత అంకె వినీ! నాకంటే ముందు రాఘవమ్మ గారు పకపకా నవ్వేశారు.

దెయ్యం కెవ్వున అరిచింది.

"ఎవరు? ఎవరది? దెయ్యమా?" అంటూ కర్ర ఎత్తింది.

టార్చి వేశాను. తెల్ల లాల్చీ, నల్లకళ్ళజోడు, గాల్లో చేతికర్ర. రాజారత్నం మాస్టారు! మిషన్ స్కూల్లో పాటలు నేర్పిన మనిషి. చర్చిలో ఆయన కింది గొంతు ఎత్తుకుంటే బెంచీలు మోగేవి. చూపు పోయి నాలుగేళ్ళయింది.

"మా దొడ్డి తలుపు తీస్తే పార్కే గదమ్మా," అన్నారు, ఊపిరి కుదుటపడ్డాక. "పగలు మీరంతా చెట్లకి అడ్డంగా నిలబడతారు. రాత్రయితే చెట్లు తప్ప ఎవరూ ఉండరు. ఒక్కో చెట్టూ తడుముకుని, లెక్క పైకి అనుకుంటూ పోతే దారి తప్పను. గోడ పక్కగా వచ్చే చెట్టు ఆ ఏడోదొక్కటే. మిగతావన్నీ రోడ్డుకి దూరం."

"మీ వల్ల ఊరు ఊరంతా ఏడుస్తోంది మాస్టారూ!" అన్నారు రాఘవమ్మ గారు.

"ముప్పై ఏళ్ళు పాడినా ఇంతమంది ఏడవలేదమ్మా," అన్నారాయన, కొంచెం గర్వంగానే.

నా బుర్ర అప్పటికే ఇంకోచోట ఉంది. "మాస్టారూ... దారి వెంట మొత్తం ఎన్ని?"

"అరవై రెండు. లోపలి తోటలోవి నాకు తెలియవు బాబూ."

అరవై రెండు! కాంట్రాక్టరు లెక్కకి ఇరవై ఒకటి ఎక్కువ, అదీ చుట్టూ ఉన్నవే. జేబులో టేపుంది, రాఘవమ్మ గారి సంచిలో సుద్దముక్కలున్నాయి, చెట్టుని కౌగిలించుకుని టేపు తిప్పడానికి లూకా ఉన్నాడు. లెక్కపెట్టడానికి తెనాలి మొత్తంలోకీ గట్టి గొంతు ఉంది.

గేటు దగ్గర మొదటి చెట్టు నుంచి మొదలుపెట్టాం.

"ఒకటి" అనబోతున్న మాస్టారుని రాఘవమ్మ గారు ఆపారు. "లాభం అనండి మాస్టారూ. మా నాన్న ధాన్యం కొలిస్తే లాభం అనే మొదలుపెట్టేవాడు."

"సరే, లాభం!"

"ఏడు దగ్గర మాత్రం ఆరూ ఒకటీ అనండి," అన్నాడు లూకా. "నాకు ఓపిక లేదండి."

లూకా కౌగిలించుకోవడం, నేను అంకె చదవడం, ఆవిడ సుద్దతో గీత పెట్టడం, మాస్టారు గొంతెత్తి చెప్పడం. నలభై రెండు అనగానే నలుగురం జేజేలు కొట్టాం. అరవై రెండుకి చుట్టూ అయిపోయింది. లోపలికి తిరిగాం. కానుగలు, నేరేళ్ళు, బాదాలు. డెబ్బై. ఎనభై. రాఘవమ్మ గారు గెంతుతున్నారు. తొంభై ఆరు. తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది... ఫౌంటెను పక్కన తురాయి —

"వంద!"

వంద కాదు, వందకి పైన కావాలి. టార్చి అంతా తిప్పాను. గీత లేని చెట్టు ఒక్కటే కనపడింది. పొగడ. టేపు వేశాను. రెండడుగుల పదకొండు అంగుళాలు.

"టేపు కాస్త వదులుగా పట్టుకోరా," అన్నారు రాఘవమ్మ గారు మెల్లగా.

"వాళ్ళు రేపు మళ్ళీ కొలుస్తారండి. ఒక్క అంకె అబద్ధమైతే వందా అబద్ధమే."

ఆవిడ సుద్దముక్క సంచిలో పడేశారు. బెంచీ మీద మాస్టారు పక్కన కూలబడ్డారు. రెండూ ఇరవై. మధ్యాహ్నం పన్నెండుకి ఈ వంద చెట్లూ ఒక్క చెట్టు తక్కువై రంపం కిందికి పోతాయి. గాలి లేదు.

అప్పుడు...

"నూట ఒకటి."

ఆడగొంతు. మెత్తగా, పిల్లల చేత ఎక్కం అప్పజెప్పించినట్టు.

నేను టార్చి రాఘవమ్మ గారి మీదికి తిప్పాను. పెదాలు బిగించి ఉన్నాయి. తల అడ్డంగా ఊపారు. మాస్టారు మొహం ఈశాన్యం వైపు తిరిగి ఉంది.

"ఆ గొంతు... నాలుగేళ్ళలో నేనెప్పుడూ వినలేదు బాబూ," అన్నారు.

ఈశాన్యం మూల కాంట్రాక్టరు ఆదివారం తెచ్చి నిలబెట్టించిన ఇనపరేకుల వరస. మనిషి ఎత్తుకి పైన. వాటి వెనక చెట్టేమైనా ఉందేమో మేము చూడలేదు.

టార్చి వెలుగు పసుపైపోయింది. రేకుల మీద ఎవరో అరచేత్తో నెమ్మదిగా నిమిరినట్టు చప్పుడు.

"నూట ఒకటి... రాసుకున్నావా?"

లూకా ఎవరూ చెప్పకుండానే ఏడవడం మొదలుపెట్టాడు. రాఘవమ్మ గారు నా చొక్కా కొస పట్టుకుని, "వద్దురా... వద్దు సారథీ..." అంటున్నారు.

నా కాగితం మీద వంద దగ్గర గడులు ఆగిపోయి ఉన్నాయి. దాని కింద ఒక్క గడి ఖాళీ. చెవిన పడింది రాస్తే లెక్క కాదు, కొలవాలి. టైము చూస్తే మధ్యాహ్నం పన్నెండుకి ఇంకా పది గంటలు కూడా లేదు.

ఆవిడ వేళ్ళు మెల్లగా విడిపించాను. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, టేపు కొస బయటికి లాగి, ఆ రేకుల వైపు కుడికాలు ముందుకి వేశాను.