నప్పికి హిల్కా చేసిన పంటి వైద్యం

గురువారం పొద్దున హిల్కా ఓట్స్ జావ రెండు గిన్నెల్లో పోసి, నడిమధ్య వెన్నముద్ద పెట్టి, చెల్లెల్ని కేకేసింది. చెల్లెలు ఇర్మా వంటింటి నేల మీద చతికిలబడి నప్పి చెవులు తిప్పి తిప్పి చూస్తోంది. నప్పి ఇర్మా కుక్క. నక్కలా ఎర్రటి ఒళ్ళు, వీపు మీదికి చుట్టుకున్న తోక, పది కిలోల బరువు, తొమ్మిదేళ్ళ వయసు. రోజూ దాని చెవులు, చిగుళ్ళు, కాలివేళ్ళ సందులు చూడందే ఇర్మా కాఫీ ముట్టదు. మంగళవారం దాని మెడ కింద పిడుదు కనబడింది. అది పీకేసినప్పటి నుంచీ ఈ తనిఖీ రెట్టింపయింది.

"జావ చల్లారిపోతోంది. దీనికి చేసే సేవలో సగం నీ మొగుడికి చేసుంటే ఇంకో పదేళ్ళు బతికేవాడు" అంది హిల్కా.

"పెంట్టీకి నోరుండేదక్కా. నొప్పెడితే ఊరంతా వినబడేలా చెప్పేవాడు. దీనికి లేదుగా" అంది ఇర్మా, ఏమాత్రం నొచ్చుకోకుండా.

పెంట్టీ పోయిన నెలకి ఇర్మా రెండు పెట్టెలతో, ఈ కుక్కతో అక్క ఇంటికి వచ్చేసింది. రెండేళ్ళయింది. హిల్కా పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బళ్ళో పిల్లల పళ్ళు చూసే నర్సుగా పనిచేసింది. ఫిన్లాండులోని మా ఈసాల్మి ఊళ్ళో నలభై దాటినవాళ్ళు ఇప్పటికీ దుకాణంలో ఆమె ఎదురైతే చప్పున నోరు మూసుకుంటారు, ఎక్కడ తెరవమంటుందో అని. మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలందరికీ, పళ్ళు పుచ్చకుండా, బర్చ్ చెట్టు నుంచి తీసే బర్చ్ చక్కెర బిళ్ళ ఇచ్చి, అది నమిలితేగానీ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఇంటికి చుట్టాలొచ్చినా అంతే. తిన్నాక చేతిలో బిళ్ళ పడాల్సిందే.

అలాంటి మనిషికి నప్పి నోటి కంపు ఎలా ఉంటుందో చెప్పాలా? వచ్చిన కొత్తలో దాన్ని చూస్తేనే ముక్కు మూసుకునేది. మొదటి చలికాలం గడిచేసరికి అది ఆమె పాదాల మీద పడుకోవడం మొదలుపెట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని రోజూ సణిగేది, కానీ కాళ్ళు మాత్రం తీసేది కాదు.

పోయిన వారం పశువుల డాక్టరమ్మ నప్పి పళ్ళ మీద గార చూసి, మత్తిచ్చి శుభ్రం చెయ్యాలంది. గుండెలో చిన్న తేడా చప్పుడుంది కాబట్టి మత్తు ప్రమాదమేమో ఆలోచించుకోమని కూడా చెప్పింది. ఆ రోజు నుంచీ ఇర్మాకి ముద్ద దిగడం లేదు. హిల్కా అదంతా చూస్తూనే ఉంది. పళ్ళంటే తన పని కదా, తను ఇంట్లో ఉండగా చెల్లెలు ఇలా కుమిలిపోవడమేమిటి అనుకుంది.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఇర్మా ఒక మాట చెప్పింది, నప్పికి తీపి పెట్టొద్దని. చాక్లెట్టు, ఎండుద్రాక్ష, బన్ను, ఏవీ వద్దంది. హిల్కా ఆ మాట జవదాటలేదు. కానీ ఆమె లెక్కలో బర్చ్ చక్కెర తీపి కాదు, పళ్ళకి మందు. కొన్ని వేల మంది పిల్లల నోళ్ళలో తన చేత్తో పెట్టిన మందు.

తొమ్మిదింటికి ఇర్మా ఈతకొలనులో ఆడవాళ్ళు చేసే నీటి వ్యాయామానికి వెళ్ళింది. హిల్కా గోరువెచ్చని మాంసం చారులో బర్చ్ చక్కెర రెండు చెంచాలు తలకొట్టకుండా వేసి కలిపింది. మెత్తటి గుడ్డ అందులో ముంచి నప్పి పళ్ళు తుడిచింది. మిగిలినదంతా అది గిన్నె అడుగు దాకా నాకేసింది. నెల రోజులు ఇలా చేసి, గార ఊడిపోయాక చెల్లెలికి చూపించి ఆశ్చర్యపరచాలనుకుంది పాపం. ఎంత సంబరపడిందో.

పదిన్నరకి ఇర్మా తడిజుట్టుతో తిరిగొచ్చేసరికి నప్పి గుమ్మం ముందున్న పట్టా మీద కక్కుకుని ఉంది. లేచి ఎదురురాబోతే వెనక కాళ్ళు తడబడి కూలబడింది. ఇర్మా కోటైనా విప్పలేదు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, పాలిపోయి ఉన్నాయి. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచి, పిడుదు సంగతంతా చెప్పింది.

"ఏమైనా తినకూడనిది తిందా? ముఖ్యంగా జైలిటాల్, అంటే బర్చ్ చక్కెర ఉన్నవి? బిళ్ళలు, చూయింగ్ గమ్? కుక్కలకి అది విషం" అని అడిగింది డాక్టరమ్మ.

"మా ఇంట్లోనా? మా అక్క ముప్ఫై ఎనిమిదేళ్ళు పళ్ళ నర్సండీ. ఆ డబ్బాలన్నీ పై అరలో పెడుతుంది. ఆవిడకి తెలియకుండా ఒక్క బిళ్ళ కింద పడదు. లేదండీ, ఆ అనుమానమే అక్కర్లేదు" అంది ఇర్మా.

హిల్కా సింకు దగ్గర నిలబడి అదే గిన్నె కడుగుతోంది. విషం అన్న మాట విన్నాక చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. నేనే పెట్టాను అనడానికి రెండు మాటలు చాలు. అవి అనకుండా మళ్ళీ గిన్నె తోమసాగింది. అలాగైతే పిడుదు జ్వరం కావచ్చు, మూడింటికి తీసుకురండి, ఈలోగా ఎక్కువైతే వెంటనే బయలుదేరండి అని చెప్పి డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది.

ఇర్మా కుక్క పక్కన కూర్చున్నాక హిల్కా సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపు చేరవేసి, బర్చ్ చక్కెర సంచి కిందికి దించింది. భూతద్దం పెట్టి వెనక వైపు చదివింది. పెంపుడు జంతువులకు పెట్టరాదు అని ఉంది. ఇన్నేళ్ళూ సంచి ముందువైపే చూసిందిగానీ వెనక్కి తిప్పి చదివిన పాపాన పోలేదు. చదవడం ఎందుకు, తనకి తెలియనిదా?

చెప్పాలనే బయటికొచ్చింది. మళ్ళీ, కక్కేసింది కదా, అంతా పోయే ఉంటుందిలే అనుకుంది. అసలు భయం వేరు. పళ్ళ నర్సుగా ఇన్నేళ్ళ పరువు పోతుంది. పైగా చెబితే ఇర్మా ఆ రెండు పెట్టెలూ సర్దుకుని వెళ్ళిపోతుంది. ఈ వంటింట్లో మళ్ళీ ఒక్క గిన్నెలోనే జావ పోసుకోవాలి.

"నా వల్లే అక్కా. పిడుదుని సోమవారమే చూసుండాల్సింది. రోజూ చూసేదాన్ని, ఆ ఒక్క రోజు బద్ధకించాను" అని ఇర్మా వెక్కివెక్కి ఏడ్చింది. హిల్కా ఆమె భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదులే అని ఓదార్చింది. ఆ ఓదార్పు తలుచుకుంటే హిల్కాకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తప్పెవరిదో తెలిసి కూడా అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఒంటిగంటకి పావుగంట ముందు నప్పికి ఫిట్స్ వచ్చాయి. కాళ్ళు కొట్టుకుంటూ, నోట్లోంచి నురగ కారుతూ ఉంటే ఇక హిల్కా నిలవలేకపోయింది.

"పిడుదు కాదే ఇర్మా. నేను దానికి బర్చ్ చక్కెర పెట్టాను."

ఇర్మా తలెత్తింది. "ఎప్పుడు?"

"నువ్వటు వెళ్ళగానే. రెండు చెంచాలు. పళ్ళు బాగుపడతాయని, మత్తు అవసరం ఉండదని."

ఇర్మా గబగబా ఫోన్ చేసి డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె చెప్పినట్టే ఫిట్స్ తగ్గగానే తేనె తీసి నప్పి పెదవి లోపల చిగుళ్ళకి రాసింది. దుప్పట్లో చుట్టి కారు దాకా ఎత్తుకెళ్ళాక అప్పుడు అక్క వైపు తిరిగింది.

"ఆవిడ అడిగినప్పుడు నువ్వు సింకు దగ్గరే ఉన్నావు."

"ఉన్నాను."

"విన్నావు కూడా."

"విన్నాను."

"పెట్టినందుకు నిన్నేమీ అననక్కా. తెలియక పెట్టావు. కానీ రెండు గంటలు నోరు మూసుకున్నావు. నా వల్లే పోతోందని నేనేడుస్తుంటే భుజం మీద చెయ్యి వేసి ఓదార్చావు." అంతే అంది. ఇద్దరూ కారెక్కారు.

ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కిస్తే రక్తంలో పడిపోయిన చక్కెర పెరిగింది గానీ కాలేయం అప్పటికే దెబ్బతింది. ఇంకాస్త ముందు తెలిసుంటే అవకాశం ఎక్కువ ఉండేదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. బయట బెంచీ మీద కూర్చున్న హిల్కాకి బళ్ళో తన కుర్చీ గుర్తొచ్చింది. పన్ను పుచ్చి, దవడ వాచి, అప్పటికీ నోరు తెరవని పిల్లలు గుర్తొచ్చారు. ముందే ఎందుకు చెప్పలేదురా అని ఎంతమందిని కసిరిందో. తిడతావని చెప్పలేదు అని ఒక్క పిల్లాడు మాత్రం గొణిగాడు. వాడినీ తిట్టింది.

శనివారానికి నప్పి కళ్ళు పసుపురంగుకి తిరిగాయి. ఇక దాన్ని బాధపెట్టొద్దంది డాక్టరమ్మ. ఇర్మా తల ఊపింది. హిల్కా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి వచ్చే అర్హత లేదన్నట్టు. నప్పి ఆమెని చూసింది. తల ఎత్తలేకపోయింది, తోక మాత్రం దుప్పటి మీద రెండుసార్లు కదిలింది. అది చూసి హిల్కా గోడకి ఆనుకుని భోరున ఏడ్చింది. తనని కరిచుంటే బాగుండేదనిపించింది. ఇర్మా నప్పి తల ఒళ్ళో పెట్టుకుని, అది నిద్రపోయేదాకా చెవుల వెనక నిమురుతూనే ఉంది.

ప్రతి శనివారం ఆవిరిస్నానానికి వేడిచేసే సౌనా ఆ వారం వెయ్యలేదు. ఆదివారం కూడా అలాగే గడిచింది. తిట్టినా బాగుండు అనుకుంది హిల్కా. ఇర్మా తిట్టలేదు. సోమవారం పొద్దున అటక మీంచి పెట్టెలు దించుతున్న చప్పుడైంది. హిల్కా కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయింది.

చెప్పాపెట్టకుండా ఒకరి తలుపు కొట్టడం మా దగ్గర లేదు. ఎదురింటివాళ్ళయినా సరే, ముందు ఫోన్ చేస్తాం. అలాంటిది ఇర్మా కిటికీలోంచి చూసేసరికి అక్క మా వరసలో మొదటి ఇంటి గంట నొక్కుతోంది. అది దుంగల లారీ నడిపే కిమ్మో ఇల్లు. ఆరడుగుల మనిషి, హిల్కాని చూడగానే అలవాటుగా పెదవులు బిగించేశాడు. ఆమె ఏదో చెప్పింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండో ఇల్లు. ఆ తర్వాత మూడోది.

ఇర్మా చేతిలో చొక్కా పెట్టె మీద పడేసి కిటికీ తెరిచింది. నాలుగో ఇంటి గుమ్మంలో యోన్నా అనే పడుచు తల్లి పసిబిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది. కాలి దగ్గర కుక్కపిల్ల. హిల్కా మాట స్పష్టంగా వినిపించింది.

"మా నప్పిని నేనే చంపాను. బర్చ్ చక్కెర పెట్టాను. డాక్టరమ్మ అడిగినా పరువు పోతుందని చెప్పలేదు. మీ ఇంట్లో ఉంటే ఎత్తున పెట్టుకోండమ్మా. సంచి వెనక చదవండి. నేను చదవలేదు."

పరువు కోసం ఒక కుక్క ప్రాణం పోనిచ్చిన మనిషి, ఇప్పుడు ఆ పరువునే ఇల్లిల్లూ తిరిగి పంచిపెడుతోంది. ఇర్మా అక్కడే కిటికీ పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత ఇంట్లో వేసుకునే చెప్పులతోనే తడిగడ్డిలోకి దిగి నాలుగో ఇంటి దగ్గరికి నడిచింది. యోన్నా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఎవరు పెట్టినా సరే దాచొద్దు. వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఎంత ముందు చెబితే అంత మంచిది. అది చెప్పడానికే వచ్చాం" అంది ఇర్మా.

తలుపు మూసుకున్నాక హిల్కా నేల చూస్తూ నిలబడింది. "వచ్చాం అన్నావు" అంది.

"అన్నాను."

"మరి ఆ పెట్టెలు?"

"కోపం తగ్గలేదక్కా. ఇప్పట్లో తగ్గదు కూడా. నా పాతింటికి పోయి కూర్చుంటే ఎవరి మీద చూపించుకోను?" ఇర్మా ముక్కు చీదుకుంది. "నువ్వొక్కదానివే అందరి ముందూ చెప్పుకుంటూ తిరుగుతుంటే నేను చూడలేను. పద, ఇంకా నాలుగిళ్ళున్నాయి."

ఐదో ఇంటి గంట ఇర్మానే నొక్కింది. తలుపు తెరిచేలోపు హిల్కా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఇర్మా విడిపించుకోలేదు.